పేరు లేని శిఖరం ఎక్కాలంటే ముందు లోయను ఎంచుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మనాలీలో పర్వతారోహణ బేసిక్, అడ్వాన్స్ కోర్సులు రెండూ చేశారు. యునం, కాంగ్ యాత్సే-2 అనే 6,000 మీటర్ల శిఖరాలు ఎక్కారు. రెండు చోట్లా బేస్ క్యాంపులో టెంట్ల జాతర చూసి విసుగొచ్చింది. "ఎవరూ ఎక్కని, పేరు కూడా లేని 6,000 మీటర్ల శిఖరం ఒకటి చెప్పండి. హైదరాబాద్ నుంచి నలుగురం ఉన్నాం, ఇరవై రోజులు సెలవు దొరుకుతుంది, వచ్చే ఆగస్టులో వెళ్తాం" అన్నారు.

శిఖరం పేరు నేను చెప్పను. దాచుకోవడానికేం కాదు. చెప్తే మీరు దాన్నే పట్టుకుని కూర్చుంటారు. తీరా అక్కడికి వెళ్లాక అది మీ వల్ల అయ్యేది కాదని తేలితే, వెనక్కి తిరిగి రావడం తప్ప చేసేదేమీ ఉండదు. పద్దెనిమిదేళ్లుగా హిమాచల్‌లోని లాహౌల్, స్పితి, లదాఖ్‌లోని జాంస్కార్ వైపు తిరుగుతున్నాను. మొదటి నాలుగు ప్రయత్నాల్లో మూడు అలాగే పోయాయి. అందుకే శిఖరాన్ని కాదు, లోయను ఎంచుకోమంటాను. ఒక మంచి పక్క లోయలోకి వెళ్తే ఐదారు శిఖరాలు కనిపిస్తాయి, అందులో మీ స్థాయికి తగ్గది ఒకటైనా ఉంటుంది.

ముందు "ఎవరూ ఎక్కని" అనే మాట గురించి. అది రుజువు చేయడం మీరనుకున్నంత తేలిక కాదు. స్పితిలో షిల్లా అని ఒక శిఖరం ఉంది. 1860లో సర్వే శాఖ ఖలాసీ, అంటే సామాను మోసే పనివాడు ఒకడు సర్వే గుర్తు కోసం కర్ర మోసుకుని దాని పైకెక్కాడు. అప్పటి లెక్కలో దాని ఎత్తు 7,000 మీటర్లు దాటింది కాబట్టి, మనిషి అంత ఎత్తు ఎక్కడం అదే మొదలని చాలా ఏళ్లు చెప్పుకున్నారు. తర్వాత మళ్లీ కొలిస్తే 6,100 మీటర్ల పైచిలుకు అని తేలింది. కర్ర సంగతి రికార్డుల్లో ఉంది, మోసినవాడి పేరు లేదు. కాబట్టి మీరు ఎక్కే దాని మీద కూడా ఏ ఖలాసీయో, ఏ సిపాయో, తప్పిపోయిన మేకల కోసం వెళ్లిన ఏ కాపరో నిలబడి ఉండొచ్చు. రిపోర్టులో "మాకు తెలిసినంతవరకు రికార్డులో లేదు" అని రాయండి, సరిపోతుంది.

ఆ రికార్డులు ఎక్కడంటే, మొదట హిమాలయన్ జర్నల్. 1929 నుంచి వస్తోంది, పాత సంచికలు నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. తర్వాత అమెరికన్ ఆల్పైన్ జర్నల్, దాని ఆర్కైవ్ కూడా ఉచితమే. లోయ పేరు, నాలా (కొండవాగు) పేరు, చివరి ఊరి పేరు విడివిడిగా, రకరకాల స్పెల్లింగులతో వెతకండి. జాంస్కార్‌లో ముఖ్యమైన ఊరు పదుమ్‌ను పాదుమ్ అని, పదం అని, మరోలా కూడా రాసినవాళ్లున్నారు. చివరగా ఢిల్లీలో ఐఎంఎఫ్‌ను, అంటే ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్‌ను అడగండి. అనుమతి ఇచ్చేది ఎలాగూ వాళ్లే. జనవరి, ఫిబ్రవరిలోనే కాగితాలు మొదలుపెడితే మంచిది. ఫీజులు, నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ఎవరో మూడేళ్ల కిందట రాసిన బ్లాగు చూసి లెక్క వేసుకోవద్దు. సరిహద్దుకు దగ్గరగా ఉండే లోయల్లోకి వెళ్లడానికి తీసుకోవాల్సిన ఇన్నర్ లైన్ అనుమతి వేరే.

ఈ పనిలో నాకు గురువులు శిఖరాలు ఎక్కినవాళ్ల కంటే లోయలు తిరిగినవాళ్లే. ముంబైలో బట్టల వ్యాపారం చేసుకుంటూ హరీష్ కపాడియా దశాబ్దాల పాటు హిమాలయాల మారుమూలలు తిరిగారు, ఏ కనుమ దాటితే ఎటు తేలతామో రాసిపెట్టారు. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ 2003లో ఆయనకు పతకం ఇచ్చింది. జపాన్‌కు చెందిన తమోత్సు నకమురా 1990 నుంచి తూర్పు టిబెట్‌లో తిరిగి, ఎవరూ ఎక్కని శిఖరాలను ఫోటోలు తీసి మ్యాపులు గీశారు. మీకు మరీ పనికొచ్చేది కిమికాజు సకమోటో పని. ఆయన కూడా జపనీయులే. 2009 నుంచి జాంస్కార్‌లోని రేరు లోయ, దాని చుట్టుపక్కల లోయలు తిరిగి, పేర్లు లేని శిఖరాలకు ఆర్1, ఆర్2 అని నంబర్లు వేసి ఫోటోలతో ప్రచురించారు. ఆ ఫోటోలు చూసుకునే తర్వాత చాలా దేశాల బృందాలు అటు వెళ్లాయి. ఒక పెద్దాయన కెమెరా పట్టుకుని నడిచిన దారిలో కుర్రాళ్లు శిఖరాలు ఎక్కారన్నమాట.

మీకు జాంస్కారే చెప్తాను. వర్షఛాయలో, అంటే కొండలు మబ్బుల్ని అడ్డుకుని వాన తక్కువ పడే చోట ఉంటుంది, జులై నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా ఎక్కొచ్చు. కార్గిల్ నుంచి పెన్సీ లా కనుమ మీదుగా ఒక రోడ్డు, లాహౌల్‌లోని దార్చా నుంచి షింకు లా కనుమ మీదుగా ఇంకో రోడ్డు పదుమ్‌కు ఉన్నాయి. ఒకప్పుడు వారం నడిస్తే గానీ చేరలేని లోయల ముఖద్వారం దాకా ఇప్పుడు జీపు వెళ్తోంది. అలాగని వాన రాదనుకోవద్దు. 2010 ఆగస్టులో లేహ్‌లో ఒక్క రాత్రి వానకు వరదొచ్చి ఎంతమంది పోయారో తెలిసిందే కదా.

మ్యాపుల దగ్గర కొంచెం ఆగాలి, మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. గూగుల్ ఎర్త్ చూసి "స్లోపు ఈజీగా ఉందండీ" అంటారు. గూగుల్ ఎర్త్‌లో కొండ ఆకారం ముప్పై, తొంభై మీటర్లకు ఒక బిందువు చొప్పున కొలిచిన డేటా మీద ఫోటో పరిచినది. సన్నటి గట్టు (కొండ వెన్ను) అందులో గుండ్రంగా కనిపిస్తుంది, నిలువు గోడ వాలుగా కనిపిస్తుంది, శిఖరం అసలు ఎత్తు కంటే తక్కువ చూపిస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లలోనూ కొండ ప్రాంతంలో కాంటూరుకూ కాంటూరుకూ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) మధ్య ఎత్తులో తేడా 40 మీటర్లు. ఆ రెండు గీతల మధ్య 30 మీటర్ల మంచు గోడ దాక్కున్నా మ్యాపు ఒక్క ముక్క చెప్పదు. పాత షీట్ల మీద అక్షాంశాలు, జీపీఎస్ చూపించే అక్షాంశాలు ఒకే లెక్కలో ఉండవు, చెప్పుకోదగ్గ తేడా వస్తుంది.

నేను చేసేది ఇది. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు చూస్తాను. ఆ తర్వాత సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు, అవి ఉచితం, ఐదేసి రోజులకు ఒకటి వస్తుంది. ఒకే హిమానదిని జులై మొదట్లో, ఆగస్టు చివర్లో, అదీ మూడు నాలుగు సంవత్సరాలవి పక్కపక్కన పెడితే, మంచు ఎప్పుడు కరిగి కింది పగుళ్లు బయటపడుతున్నాయో తెలుస్తుంది. శిఖరం నీడ పొడవు చూస్తే గోడ ఎంత నిటారో అంచనా దొరుకుతుంది. ఇవన్నీ చూశాక కూడా నా అంచనా సగం సార్లు తప్పింది.

అసలు తప్పు శిఖరమే ఎక్కి వచ్చిన సంగతి ఒకటి చెప్తాను. పదుమ్‌కు దక్షిణంగా ఒక పక్క లోయ. మ్యాపులో పేరు లేదు, ఎత్తు అంకె మాత్రం ఉంది. 5,300 మీటర్ల దగ్గర క్యాంపు నుంచి రాత్రి రెండింటికి బయలుదేరాం, మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక పైకి చేరాం. చుట్టూ మబ్బు. కౌగిలించుకున్నాం, జెండా తీశాం. పది నిమిషాలకు మబ్బు చీలింది. ఉత్తరంగా, మధ్యలో గట్టు లోతుగా తెగిన ఒక కోత దిగి ఎక్కితే, ఇంకో శిఖరం. మాదాని కంటే ఎత్తా, తక్కువా? కంటితో చెప్పలేం, అవతలి శిఖరం చాలాసార్లు ఎత్తుగా ఉన్నట్టే భ్రమ పెడుతుంది. నా జాకెట్‌లో సగం నీళ్లున్న బాటిల్ ఉంది, ఒంటి వేడికి గడ్డకట్టలేదు. దాన్ని కంటికి ఎదురుగా పట్టుకుని, నీటి మట్టం వెంబడి చూశాను. అవతలి శిఖరం నీటి గీతకు పైన ఉంది. బాటిల్ పక్కవాడికి ఇచ్చాను. వాడు చూసి ఏమీ అనకుండా జెండా మడతపెట్టాడు.

ఆ మధ్య కోతలో గట్టు కత్తి అంచులా ఉంది, టైమ్ ఒంటిగంట. దిగొచ్చేశాం. రిపోర్టులో "దక్షిణ శిఖరం, ప్రధాన శిఖరం కంటే తక్కువ ఎత్తు" అనే రాశాను. బాధగా ఉంటుంది, కానీ అలా రాయకపోతే తర్వాత వెళ్లేవాళ్లను మోసం చేసినట్టు. ఆ బాటిల్ కిటుకు మాత్రం మర్చిపోకండి, బ్యాటరీ అక్కర్లేదు.

ఇప్పుడు మీ ఇరవై రోజుల లెక్క. లేహ్‌లోనో కార్గిల్‌లోనో ఒంటిని ఎత్తుకు అలవాటు చేసుకుని పదుమ్ చేరేసరికి ఐదారు రోజులు. లోయలోకి నడక మూడు రోజులు. గుర్రాలు గడ్డి ఉన్నంతవరకే వస్తాయి, ఆ తర్వాత మొరైన్, అంటే హిమానది వదిలిపెట్టిన బండల గుట్టలు. వాటి మీద బరువుతో గంటకు కిలోమీటరు నడిస్తే గొప్ప. నలుగురు సామాను రెండు మూడు విడతలుగా మోసుకోవాలి, దానికి మూడు రోజులు. పై క్యాంపులకు నాలుగు, వాతావరణం చెడితే కూర్చోవడానికి నాలుగు, తిరుగు ప్రయాణం నాలుగు. ఇరవై మూడో ఇరవై నాలుగో అయ్యాయి. పైగా ఆగస్టు చివర నుంచి జాంస్కార్‌లో బార్లీ కోతలు. ఊళ్లో మగవాళ్లు, గుర్రాలు పొలాల్లో ఉంటాయి, ఎంత ఇస్తామన్నా ఘోడేవాలా (గుర్రాలవాడు) దొరకడు. మేము ఒకసారి రోడ్డు మీద రెండు రోజులు కూర్చున్నాం.

అందుకని ఈ ఏడాది శిఖరం ఎక్కాలనే మాట పక్కన పెట్టి, చూసి రావడానికి వెళ్లండి. పద్నాలుగు, పదిహేను రోజులు చాలు. బరువు తక్కువ, టెన్షన్ తక్కువ, ఖర్చు కూడా సగమే. లోయకు ఎదురు వరుసలో 5,500 మీటర్ల రాళ్ల గుట్ట ఏదో ఒకటి ఉంటుంది, దాని మీదికి తెల్లవారకముందే చేరి కూర్చోండి. పొద్దుటి ఏటవాలు ఎండలో హిమానది మీద ప్రతి పగులూ నీడ వేసి కనిపిస్తుంది, మధ్యాహ్నం అదే చోటు తెల్లటి దుప్పటిలా ఉంటుంది. మీరు అనుకున్న దారి మీద ఎండ ఎన్ని గంటలకు పడుతుందో, ఎన్ని గంటలకు మొదటి రాయి దొర్లిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. నా పాత నోట్‌బుక్‌లో ఒక పేజీలో "7:50 ఎండ. 8:25 ఒక రాయి. 8:40 మూడు. 9 తర్వాత లెక్కపెట్టడం మానేశాను" అని ఉంది. ఆ గల్లీ (కొండ గోడలో నిటారు సందు) గుండా ఎక్కుదామని ఏడు నెలలు ఇంట్లో కూర్చుని ప్లాన్ వేశాం. ఆ పేజీ చూసి మానుకున్నాం.

నాలాల గురించి కోర్సుల్లో సరిగా చెప్పరు. నా అనుభవంలో మమ్మల్ని హిమానది పగుళ్ల కంటే ఎక్కువ భయపెట్టినవి నాలాలే. పొద్దున ఆరింటికి పిక్కల లోతు ఉన్న నీళ్లు, పైన మంచు కరిగి సాయంత్రం నాలుగింటికి నడుము దాటుతాయి. నీళ్లు పాల రంగులో ఉంటాయి, అడుగు కనబడదు. ఒడ్డున నిలబడి వినండి. నీటి శబ్దం కింద ఇంకో శబ్దం, గచ్చు మీద రోలు దొర్లిస్తున్నట్టు, వినిపిస్తే లోపల బండలు దొర్లుతున్నాయని అర్థం. అప్పుడు దాటకండి, టెంట్ వేసుకుని పొద్దునే దాటండి. బూట్లు విప్పొద్దు, సాక్సులు విప్పి దాచుకుని బూట్లతోనే దిగండి. రక్‌సాక్ నడుము బెల్టు విప్పేయండి, పడితే వదిలించుకోవడానికి వీలుగా. ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, బరువైనవాణ్ణి ప్రవాహానికి ఎదురుగా పెట్టుకుని దాటండి. మేము ఒకసారి "ఇంకో గంటలో క్యాంపు" అనే ఆశతో మధ్యాహ్నం మూడింటికి దాటాం. మనుషులం బయటపడ్డాం గానీ, గ్యాస్ సిలిండర్లున్న డ్రమ్ము పోయింది. ఉన్న ఒక్క సిలిండర్ మంచు కరిగించి నీళ్లు చేసుకోవడానికే దాచుకుని, రెండు రోజులు చన్నీళ్లలో నానబెట్టిన అటుకులు, గోంగూర పచ్చడి తిన్నాం. పచ్చడి మా అమ్మ బలవంతంగా పెట్టింది, బరువని నేను వద్దన్నాను.

వంట సంగతి వచ్చింది కాబట్టి: 5,000 మీటర్ల దగ్గర నీళ్లు 83 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో పప్పు గంటలు పెట్టినా పలుకుగానే ఉంటుంది. బేస్ క్యాంపుకు కుక్కర్ తప్పనిసరి, పైన క్యాంపులకు ఉడకబెట్టే పని లేనివే తీసుకెళ్లండి.

సంప్రదింపుల విషయంలో ఒక గట్టి హెచ్చరిక. అమెరికాలో ఉన్న మీ ఫ్రెండు గార్మిన్ ఇన్‌రీచ్ అనే శాటిలైట్ మెసెంజర్ పంపిస్తానన్నాడని రాశారు. వద్దు. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఆ తరహా మెసెంజర్లు వాడటం, దగ్గర ఉంచుకోవడం నేరం. తురాయా, ఇరిడియం ఫోన్లు కూడా అంతే. ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు, సరిహద్దు ప్రాంతంలో దొరికితే ఇంకా చిక్కు. అంటే ఆ లోయలో మీరు నిజంగానే ఒంటరివాళ్లు. చివరి ఊళ్లో, పదుమ్ పోలీస్ స్టేషన్‌లో, ఇంట్లో మూడు చోట్లా ఒకే కాగితం ఇవ్వండి: ఎవరెవరు, ఏ లోయ, ఏ తేదీకి తిరిగి రావాలి, ఏ తేదీ దాటితే వెతకాలి. మీ నలుగురిలో ఒకరికి ఏమైనా అయితే ఒకరు దగ్గరుండాలి, ఇద్దరు కలిసి రోడ్డుకు పరిగెత్తాలి. నలుగురి కంటే తక్కువ వద్దని నేను చెప్పేది ఈ లెక్క మీదే.

మల్లి మస్తాన్‌బాబు గారి గురించి మీకు తెలుసు. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కారు. అంతటి మనిషి 2015 మార్చిలో ఆండీస్‌లో సెర్రో ట్రెస్ క్రూసెస్ మీద ఒంటరిగా ఉండగా వాతావరణం చెడింది. ఆయన దేహం దొరికింది ఏప్రిల్ మొదటి వారంలో. ఆయన నైపుణ్యంలో పదో వంతు నాకు లేదు. అందుకే జనం తిరగని కొండ మీదికి నేను ఎప్పుడూ ఒక్కణ్ణే వెళ్లను.

ఎత్తు సమస్య మీకు కోర్సులో నేర్పారు: 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 300 నుంచి 500 మీటర్లకు మించి పెంచొద్దు, మూడు నాలుగు రోజులకో విశ్రాంతి. కానీ జాంస్కార్, లదాఖ్ లోయల్లో ఇంకో చిక్కుంది. "లక్షణాలు కనిపిస్తే వెంటనే కిందికి దిగు" అంటారు కదా, అక్కడ కిందికి అనేది ఉండదు. లోయ అంత మెల్లగా దిగుతుంది. పదిహేను కిలోమీటర్లు నడిచినా నాలుగు వందల మీటర్లే తగ్గుతారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాడు పదిహేను కిలోమీటర్లు నడవలేడు. అందుకని బేస్ క్యాంపులో అందరూ ఒక రోజు ఎక్కువే ఆగండి, మీలో ఎంత గట్టివాడైనా సరే. ఎత్తు జబ్బు మందులైన డయామాక్స్, డెక్సామెథసోన్, నిఫెడిపిన్‌లలో ఏది ఎప్పుడు ఎంత వాడాలో బయలుదేరే ముందే డాక్టరుతో కూర్చుని కాగితం మీద రాయించుకోండి. అక్కడ తలనొప్పితో గుర్తు తెచ్చుకోవడం అయ్యేపని కాదు.

ప్రాక్టీసుకు హైదరాబాద్ దగ్గరి భువనగిరి గుట్ట బంగారం, వదులుకోవద్దు. ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, ఆనంద్ తొలి పాఠాలు నేర్చింది ఆ బండ మీదే. కాకపోతే భువనగిరి రాయి నమ్మకమైన గ్రానైట్, పట్టు దొరికితే అది అక్కడే ఉంటుంది. జాంస్కార్ గట్లు చాలా చోట్ల పలకలు పలకలుగా ఉండి పాత గోడ పెచ్చులా చేతికి ఊడొస్తాయి. కాబట్టి భువనగిరిలో రాయి ఎక్కడం కంటే తాడు పనే ఎక్కువ చేయండి. మందపాటి గ్లౌవ్స్ వేసుకుని, కళ్లు మూసుకుని, ప్రుసిక్ ముడి (బరువు పడితే తాడును బిగించి పట్టే ముడి) వేయడం, పగుల్లో పడ్డవాణ్ణి పుల్లీతో లాగడం, చేతులకు అలవాటయ్యేదాకా చేయండి. మే నెల ఎండలో గ్లౌవ్స్ వేసుకుంటే చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

చివరికి, "మేము ఎక్కితే పేరు పెట్టుకోవచ్చా?" అన్నారు. పేరు సూచించొచ్చు, ఐఎంఎఫ్‌కు రాయొచ్చు. బతికున్నవాళ్ల పేర్లు, కంపెనీల పేర్లు పెట్టకపోవడం పర్వతారోహకుల్లో ఉన్న పద్ధతి, స్థానిక పేరుకే మొదటి చోటు. అక్కడి మాటల్లో "రి" అంటే కొండ, "లా" అంటే కనుమ, "కాంగ్రి" అంటే మంచు కొండ. ఇవి తెలిస్తే ఊళ్లో అడగడం తేలిక.

మేము అడిగాం కూడా, కాకపోతే ఆలస్యంగా. ఆ తప్పు శిఖరం నుంచి దిగొస్తూ, లోయ నోటి దగ్గర డోక్సాలో ఆగాం. డోక్సా అంటే వేసవిలో పశువుల్ని తోలుకొచ్చి ఉండే రాళ్ల గుడిసెలు. ఒక పెద్దావిడ మా నలుగురికీ పెరుగు పోసింది. మేము ఎక్కింది చేత్తో చూపించి, దానికి పేరేమైనా ఉందా అని ఘోడేవాలా చేత అడిగించాం. ఆవిడ అటు చూడకుండానే చెప్పింది. అర్థం ఏమిటన్నాం. "రెండు కొమ్ములది" అన్నాడు అతను. తల తిప్పి చూశాను. ఆ గుడిసె ముందు నుంచి రెండు శిఖరాలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి, ఉత్తరపుది పొడుగు. పైకి వెళ్లేటప్పుడు ఆ గుడిసె ముందు నుంచే వెళ్లాం, జూలే (నమస్తే) అని పలకరించి, ఆలస్యమవుతోందని ఆగలేదు.